ఊటీ కన్నా ఎత్తైన రాజధానికి ప్రయాణమా?

ప్రయాణాల శీర్షిక - ఈ వారం: ఇథియోపియా

ఆఫ్రికా అనగానే మనలో చాలామందికి మండే ఎండ, ఇసుక, అడవి, సింహం కళ్ల ముందు మెదులుతాయి. ఎవరైనా అటు వెళ్తున్నారంటే "అమ్మో, ఆ ఎండకి ఎలా తట్టుకుంటారో!" అని జాలిపడతాం. ఇథియోపియా వెళ్లేవారిని మాత్రం "స్వెట్టరు పెట్టుకున్నారా?" అని అడగాలి. ఎందుకంటే ఆ దేశపు రాజధాని ఆడిస్ అబాబా సముద్రమట్టానికి సుమారు 2,350 మీటర్ల ఎత్తున, కొండల మీద ఉంది. మనం ఎండాకాలంలో చల్లదనం కోసం వెతుక్కుంటూ వెళ్లే ఊటీ ఎత్తు 2,240 మీటర్లు. మన హార్స్‌లీ కొండలైతే 1,265 మీటర్లే. ఇక ఆ దేశంలోని రాస్ దాషెన్ శిఖరం 4,500 మీటర్లు దాటుతుంది.

"మనకేం పని అంత దూరంలో?" అంటారేమో. అక్కడి బడుల్లో, విశ్వవిద్యాలయాల్లో మన దేశపు ఉపాధ్యాయులు దశాబ్దాలుగా పాఠాలు చెబుతున్నారు. వారిలో తెలుగువారు ఎందరో. అల్లుడిగారికి అక్కడ ఉద్యోగమైతే పురిటికో, పిల్లల్ని చూసుకోవడానికో అమ్మ వెళ్లక తప్పదు. భర్తకి రెండేళ్ల కాంట్రాక్టు వస్తే ఇల్లాలు గిన్నెలు సర్దుకోక తప్పదు. ఈమధ్య సరదాగా చూసి రావడానికి వెళ్లేవారూ ఉన్నారు.

ఎవరు ఏ పని మీద వెళ్లినా ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఆ దేశంలో మీ ఆరోగ్యం, మీ బట్టలు, కుక్కర్లో పప్పు ఉడికే తీరు అన్నీ ఆ ఎత్తు మీదే ఆధారపడి ఉంటాయి. ముందే తెలుసుకుని వెళ్తే హాయి. తెలియకుండా వెళ్తే మొదటి వారమంతా మంచం మీదే.

టికెట్టు కన్నా ముందు డాక్టరు

అంత ఎత్తున గాలి పలచన. ఇక్కడ మనం పీల్చే గాలిలో నాలుగు పాళ్లు ప్రాణవాయువు అందుతోందనుకుంటే, ఆడిస్ అబాబాలో మూడు పాళ్లే అందుతుంది. ఆరోగ్యంగా ఉన్నవారికి రెండు మూడు రోజులు కాస్త ఆయాసం, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ఉంటాయి, తరువాత సర్దుకుంటాయి. రక్తం తక్కువగా ఉన్నవారి సంగతి వేరు. ప్రాణవాయువును ఒంటికంతటికీ మోసుకెళ్లేది రక్తంలోని హిమోగ్లోబినే కదా! గాలిలోనూ తక్కువై, రక్తంలోనూ తక్కువైతే నాలుగు మెట్లు ఎక్కేసరికే గుండె దడదడలాడుతుంది.

ఈ మాట ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే ఈ పేజీ చదువుతున్న మనలో సగానికి పైగా. ఇంటిల్లిపాదికీ మందుల పెట్టె సర్దే ఇల్లాలు తన రక్తపరీక్ష సంగతి మాత్రం "నాకేం, బాగానే ఉన్నాను" అని వదిలేస్తుంది. ఈ ప్రయాణానికి అలా వదిలేయకండి. కనీసం రెండు నెలల ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. తక్కువుంటే డాక్టరు ఇచ్చే ఐరన్ మాత్రలు పనిచేయడానికి ఆపాటి వ్యవధి కావాలి మరి.

బి.పి., గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు "నేను 2,300 మీటర్ల ఎత్తుకి వెళ్తున్నాను" అని డాక్టరుకి స్పష్టంగా చెప్పండి. "ఆఫ్రికా వెళ్తున్నాను" అంటే ఆయన కూడా ఎండ గురించే ఆలోచించవచ్చు!

రెండోది ఎల్లో ఫీవర్ టీకా. ఇది మన దేశానికి తిరిగి రావడానికి అవసరం. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో ఇథియోపియా ఉంది. అక్కడి నుంచి బయల్దేరిన ఆరు రోజుల లోపు టీకా పత్రం లేకుండా మన విమానాశ్రయంలో దిగితే, మిమ్మల్ని ఇంటికి పంపరు. ఆ ఆరు రోజులూ పూర్తయ్యేదాకా విడిగా ఉంచుతారు. గేటు బయట మనవలు ఎదురుచూస్తుంటే, లోపల మీరు ఉండిపోవడం ఎంత బాధ!

టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఒకసారి వేయించుకుంటే ఆ పత్రం జీవితాంతం చెల్లుతుంది. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాలలోనే వేస్తారు. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిదే. వారానికి ఏయే రోజుల్లో వేస్తారో ముందే కనుక్కుని, పాస్‌పోర్టు పట్టుకుని వెళ్లండి. ఒక హెచ్చరిక: కోడిగుడ్డు పడనివారికి, గర్భిణులకు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారికి ఈ టీకా మామూలుగా వేయరు. 60 దాటినవారి విషయంలో డాక్టరు ఆలోచించి నిర్ణయిస్తారు. అమ్మమ్మలూ, నాయనమ్మలూ, మీరు టీకా సంగతి తేల్చుకున్నాకే టికెట్టు కొనండి. ముందు టికెట్టు కొనేసి తరువాత డాక్టరు దగ్గరికి పరుగెడితే డబ్బూ పోతుంది, మనసూ కష్టపడుతుంది.

వీసా, విమానం, డబ్బు

వీసాని ఇథియోపియా ప్రభుత్వ వెబ్‌సైటులోనే ఇంటి నుంచి తీసుకోవచ్చు. 30 రోజులదీ, 90 రోజులదీ ఉన్నాయి. రుసుము కార్డు మీద కట్టాలి. అచ్చం ప్రభుత్వ సైటులాగే కనిపించి ఎక్కువ డబ్బు గుంజే దళారీ సైట్లున్నాయి, జాగ్రత్త. వచ్చిన వీసాని కాగితం మీద రెండు ప్రతులు తీసి, ఒకటి హ్యాండ్‌బ్యాగులో, ఒకటి పెట్టెలో పెట్టుకోండి. అక్కడ ఒక్కోసారి ఇంటర్నెట్ నిలిచిపోతుంది. అంతా ఫోనులోనే ఉందిలే అనుకోకూడదు.

ఢిల్లీ, ముంబయిల నుంచి ఆడిస్ అబాబాకి నేరుగా ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానాలున్నాయి. 2025 జూన్‌లో హైదరాబాదు నుంచి కూడా నేరు విమానం మొదలైంది. ఏయే రోజుల్లో ఉందో కొనేముందు చూసుకోండి. ఈ కంపెనీ విమానంలో అక్కడికి వెళ్లినవారికి ఆ దేశం లోపల తిరిగే విమానాల్లో టికెట్టు ధర తగ్గిస్తారు. ఆ సంగతి అడిగి మరీ తీసుకోండి.

అక్కడి డబ్బు పేరు బిర్. 2024 జూలైలో ప్రభుత్వం దాని మారకపు ధరను బజారుకే వదిలేసింది. అంతకుముందు డాలరుకి 57 బిర్ల దగ్గరున్నది, కొద్ది వారాలకే వంద దాటింది. కాబట్టి పాత పుస్తకాల్లోని ధరలు చూసి లెక్క వేసుకోవద్దు. డాలర్లు కొత్త నోట్లుగా, మడతలు, మరకలు లేకుండా తీసుకెళ్లి బ్యాంకులోనే మార్చుకోండి. వీధిలో ఎవరో ఎక్కువిస్తానంటే మార్చుకోవడం నేరం. పెద్ద హోటళ్లలో కార్డులు చెల్లుతాయి గానీ బజారులో నోట్లే కావాలి.

కరెంటు మనలాగే 220 వోల్టులు. రెండు సన్నటి పిన్నులున్న మన ఛార్జర్లు అక్కడి ప్లగ్గుల్లో పడతాయి. మూడు పిన్నులవి పట్టవు. ఒక అడాప్టరు కొనుక్కెళ్లండి.

గడియారం తికమక

మన పాతకాలపు పెద్దలు గడియలు ఎక్కడి నుంచి లెక్కపెట్టేవారు? సూర్యోదయం నుంచి కదా! ఇథియోపియాలో ఇప్పటికీ అదే పద్ధతి. తెల్లవారి ఆరు గంటలకి వారి లెక్క మొదలవుతుంది. మనం ఉదయం 7 అనేది వారికి ఒంటిగంట. మన మధ్యాహ్నం 12 వారికి ఆరు. అంటే ఆరు గంటల తేడా.

వినడానికి తమాషాగా ఉన్నా ఇందులో చిక్కుంది. "రేపు రెండింటికి కారు వస్తుంది" అని డ్రైవరు చెబితే, అది ఉదయం ఎనిమిది కావచ్చు! మందుల షాపులో "రెండింటికి ఒకటి, ఎనిమిదింటికి ఒకటి వేసుకోండి" అంటే అది ఉదయం ఎనిమిది, మధ్యాహ్నం రెండు కావచ్చు. అందుకే గంట చెప్పగానే "ఉదయమా, మధ్యాహ్నమా? మీ లెక్కా, ఫెరెంజి లెక్కా?" అని అడగండి. ఫెరెంజి అంటే విదేశీయులు. మన "పరంగి" మాటకి ఇది తోబుట్టువే! విమానం టికెట్ల మీద మాత్రం మామూలు గంటలే ఉంటాయి. మన గడియారం వారి దేశం కన్నా రెండున్నర గంటలు ముందుంటుంది.

పంచాంగమూ వేరే. వారి ఏడాదికి 13 నెలలు. పన్నెండు నెలలకి ముప్ఫయ్యేసి రోజులు, చివరి నెలకి ఐదో ఆరో రోజులు. సంవత్సరం కూడా మనకన్నా ఏడెనిమిదేళ్లు వెనక ఉంటుంది. 2025 సెప్టెంబరు 11న వారికి 2018 మొదలైంది. బిల్లు మీద పాత తేదీ కనిపిస్తే షాపువాడు మోసం చేశాడని గొడవ పెట్టుకోకండి సుమా!

వర్షాలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురుస్తాయి. అక్టోబరు నుంచి జనవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. సెప్టెంబరు చివర్లో పసుపుపచ్చని పూలతో కొండలన్నీ నిండిపోతాయి. పగలు ఎండ బాగానే ఉంటుంది, ఎత్తు వల్ల చర్మం త్వరగా కమిలిపోతుంది. పొద్దు వాలగానే చలి. కాబట్టి గొడుగూ, స్వెట్టరూ రెండూ కావాలి.

మొదటి మూడు రోజులూ నెమ్మదిగా

దిగిన రోజు పెట్టెలు మీరు మొయ్యకండి. ఆ రోజే ఇల్లు సర్దడం, కూతురికి ఇష్టమని గారెలు వండడం మొదలుపెట్టకండి. దాహం వేయకపోయినా నీళ్లు తాగుతూ ఉండండి. రాత్రి భోజనం తేలిగ్గా చేయండి. మెట్లు ఎక్కేటప్పుడు మధ్యలో ఆగండి, ఎవరేమనుకుంటారోనని సిగ్గుపడకండి.

ఆడిస్ నుంచి ఇంకా పై కొండలకి వెళ్లాలంటే కనీసం మూడు రోజులు గడిచాకే. తలనొప్పి తగ్గకపోయినా, వాంతులవుతున్నా, నడకలో తూలుతున్నా, మాట తడబడినా, పడుకున్నప్పుడు కూడా ఆయాసంగా ఉన్నా అది అలసట కాదు. వెంటనే కిందికి దిగాలి, డాక్టరుకి చూపించాలి. "పొద్దున్నకి తగ్గిపోతుందిలే" అని ఓర్చుకోవడం మనకి అలవాటు. ఇక్కడ ఆ ఓర్పు పనికిరాదు.

దోమల సంగతి కూడా ఎత్తుని బట్టే. ఆడిస్ అబాబా ఎత్తులో మలేరియా భయం లేదు. తానా సరస్సు ఒడ్డున 1,800 మీటర్ల ఎత్తులోని బహిర్ దార్ లాంటి ఊళ్లకి, ఇంకా పల్లపు ప్రాంతాలకి వెళ్తే ఉంది. అటు వెళ్లేమాటుంటే మాత్రల గురించి ఇక్కడే డాక్టరుని అడగండి.

శాకాహారులకి శుభవార్త

అక్కడి ఆర్థొడాక్స్ క్రైస్తవులకి ఉపవాసాలెక్కువ. బుధవారం, శుక్రవారం ఉపవాసమే. ఈస్టరుకి ముందు 55 రోజులు, క్రిస్మస్‌కి ముందు నవంబరు చివరి నుంచి జనవరి 6 దాకా కూడా ఉపవాసాలే. వారి క్రిస్మస్ జనవరి 7న. ఉపవాసమంటే పస్తు ఉండడమొకటే కాదు, తినే పూట మాంసం, గుడ్లు, పాలు, వెన్న ఏవీ ముట్టరు. అంటే ఆ రోజుల్లో ఏ హోటలుకి వెళ్లినా పప్పులూ, కూరలే. "యెత్సోమ్" అంటే ఉపవాసపు భోజనం అని. ఆ ఒక్క మాట నేర్చుకుంటే మీకు భోజనం దొరికినట్టే. "సిగా అల్‌బెలామ్" అంటే నేను మాంసం తినను అని.

ఒక సంగతి గుర్తుంచుకోండి. ఈస్టరు తరువాత 50 రోజులపాటు బుధ, శుక్రవారాల్లో కూడా ఉపవాసం ఉండదు. మిగతా రోజుల్లో పప్పులో కూడా మసాలా వెన్న వేయవచ్చు. కొందరు ఉపవాసంలో చేపలు తింటారు. అందుకని అడిగి తినండి.

"బెయాయ్‌నెటు" అని అడిగితే పెద్ద పళ్లెం వస్తుంది. అడుగున ఇంజెరా, దాని మీద రకరకాల కూరలు. ఇంజెరా అంటే టెఫ్ అనే ధాన్యంతో చేసిన పెద్ద దోసె. టెఫ్ గింజ ఆవగింజ కన్నా చిన్నది. పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి, పెద్ద పెనం మీద పోసి, మూత పెట్టి ఒకవైపే కాలుస్తారు. పైన సన్నటి కన్నాలు పడతాయి. మెత్తగా, మన పుల్లట్టు కన్నా పుల్లగా ఉంటుంది. కడుపు అలవాటు పడేదాకా రోజుకి ఒక్కపూటే తినండి.

కూరల్లో మిసిర్ వొట్ అంటే ఎర్ర కందిపప్పులా ఉండే మసూరుపప్పు, ఘాటైన కారంతో. కిక్ అలిచా అంటే పసుపు వేసిన బఠాణీపప్పు, కారం ఉండదు. పిల్లలకి, పెద్దవారికి ఇది బాగుంటుంది. గోమెన్ అంటే ఆకుకూర వేపుడు. షిరో అంటే శనగపిండి కూర, కింద చేసే విధానం ఇస్తున్నాను.

అందరూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని కుడిచేత్తో తింటారు. ముందూ వెనకా చేతులు కడుగుతారు. ఇంటి ఇల్లాలు ఒక ముద్ద చుట్టి మీ నోట్లో పెట్టబోతే వెనక్కి తగ్గకండి. దాన్ని "గుర్షా" అంటారు. మన గోరుముద్ద లాంటిదే, అభిమానం కొద్దీ పెట్టేది.

కాఫీ పుట్టిన నేల అది. మన అరకులో పండే అరాబికా కాఫీకి కూడా పుట్టిల్లు ఆ కొండలే. అతిథి ముందే పచ్చి గింజలు కడిగి, వేయించి, దంచి, "జెబెనా" అనే మట్టికూజాలో కాచి ఇస్తారు. మూడుసార్లు పోస్తారు. మొదటి కప్పు తాగి లేచిపోతే చిన్నబుచ్చుకుంటారు. కాబట్టి కాఫీకి పిలిస్తే గంట, గంటన్నర తీరిక చేసుకుని వెళ్లండి. నిద్ర పట్టనివారు సాయంత్రం పిలుపులు ఒప్పుకోకండి.

అన్నట్టు, అరకులో పచ్చగా పూసే వలిసెలు చూశారుగా? ఆ మొక్క స్వస్థలం కూడా ఇథియోపియా కొండలే. ఉపవాసపు వంటల్లో ఆ నూనె వాడతారు. మన రాగులు కూడా తూర్పు ఆఫ్రికా కొండల నుంచే వచ్చాయి. మన వంటింట్లో ఆ కొండల వస్తువులు ఎన్నున్నాయో చూడండి!

మీరే వండుకోవాలంటే

ఆడిస్ అబాబా ఎత్తున నీళ్లు 100 డిగ్రీలకి కాదు, సుమారు 92 డిగ్రీలకే మరిగిపోతాయి. తెర్లుతున్నట్టు కనిపిస్తాయి గానీ వేడి చాలదు. మామూలు గిన్నెలో కందిపప్పు గంటసేపు పెట్టినా పలుకు పోదు. శనగల సంగతి చెప్పక్కర్లేదు. అందుకని ప్రెషర్ కుక్కరు తప్పనిసరి. పొయ్యిలు ఎక్కువగా కరెంటువి కాబట్టి అడుగు చదునుగా ఉన్నది కొనండి. రెండు గాస్కెట్లు, ఒక సేఫ్టీ వాల్వు అదనంగా పెట్టుకోండి. పప్పు రెండు గంటలు నానబెట్టి, ఇక్కడికన్నా రెండు మూడు విజిల్స్ ఎక్కువ రానివ్వండి.

చలికి దోసెల పిండి ఒక రాత్రిలో పులవదు. గిన్నెకి దుప్పటి చుట్టి వెచ్చటి చోట పెట్టండి.

ఉల్లి, వెల్లుల్లి, అల్లం, పసుపు, ఎండుమిర్చి కారం, మసూరుపప్పు, శనగలు, మెంతులు అక్కడి బజారులోనే దొరుకుతాయి. మోసుకెళ్లాల్సినవి చింతపండు, ఇంగువ, ఆవాలు, మినప్పప్పు, ఊరగాయ. ఊరగాయ జాడీలో కాకుండా రెండు మూడు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టండి. ఎత్తులో సంచులు ఉబ్బుతాయి, నిండా నింపకండి.

సీసా నీళ్లే తాగండి. "అంబో" అని ఇస్తే అది సోడానీళ్లు, ఊట నుంచి వచ్చేవి. అజీర్తికి బాగుంటాయి గానీ అన్నం వండడానికి పనికిరావు!

ఏం చూడాలి, ఎక్కడ ఆగాలి

ఇది దాచకుండా చెప్పాల్సిన విషయం. ఉత్తరాన టిగ్రాయ్‌లో 2020 నవంబరు నుంచి 2022 నవంబరు దాకా యుద్ధం జరిగింది. పక్కనున్న అమ్హారా ప్రాంతంలో 2023 ఆగస్టు నుంచి ఘర్షణలు పెద్దవయ్యాయి. పేరున్న ఊళ్లు చాలావరకు ఆ అమ్హారాలోనే ఉన్నాయి. లాలిబెలాలో ఎల్లోరా కైలాసనాథాలయంలాగా కొండను పైనుంచి కిందికి తొలిచిన 11 చర్చిలున్నాయి. గోండార్‌లో పాత రాజుల కోటలున్నాయి. సిమియన్ కొండల్లో గడ్డి మేసే గెలాడా కోతులు గుంపులుగా తిరుగుతాయి. అవి ఇథియోపియా కొండల్లో తప్ప మరెక్కడా లేవు. ఎంత చూడాలనిపించినా, బయల్దేరే వారంలో ఆడిస్ అబాబాలోని మన రాయబార కార్యాలయం సూచనలు చూసి, వద్దంటే మానేయండి. వెళ్లవచ్చంటే విమానంలోనే వెళ్లండి, రోడ్డు మీద వద్దు. కోతులూ, చర్చిలూ ఎక్కడికీ పోవు.

ఆడిస్‌లోనే చూడదగ్గవి బోలెడు. జాతీయ మ్యూజియంలో "లూసీ" ఉంది. 1974లో దొరికిన, సుమారు 32 లక్షల ఏళ్ల నాటి ఆదిమ స్త్రీ అస్థిపంజరం. అక్కడివారు ఆమెని "దింకినెష్" అని ముద్దుగా పిలుచుకుంటారు. ఊరికి ఉత్తరాన ఎంటోటో కొండ ఉంది. మెనెలిక్ చక్రవర్తి, తైతు మహారాణి మొదట అక్కడ ఉండేవారు. కింద వేడినీటి బుగ్గలున్న చోటు నచ్చి 1886లో ఊరు కట్టించింది, దానికి "ఆడిస్ అబాబా" అంటే "కొత్త పువ్వు" అని పేరు పెట్టింది ఆ మహారాణే. ఆ కొండ 3,000 మీటర్లు దాటుతుంది కాబట్టి నాలుగోరోజు తరువాతే ఎక్కండి. మెర్కాటో అనే పెద్ద బజారుకి వెళ్తే మెడలో నగలు తీసేసి, తెలిసినవారితో పగటిపూటే వెళ్లండి.

చర్చిలోకి చెప్పులు విడిచి వెళ్లాలి, తల మీద వస్త్రం కప్పుకోవాలి. మన చీరకొంగు చాలు. రాతి మెట్లు, సొరంగాలు ఉన్న చోట మాత్రం చీర కన్నా సల్వార్ కమీజు నయం. సాక్సులు వేసుకుంటే రాళ్ల చలి పాదాలకి తగలదు. తానా సరస్సు దీవుల్లోని కొన్ని మఠాల్లోకి ఆడవారిని రానివ్వరు. పడవ ఎక్కేముందే అడిగి తెలుసుకోండి. ఆ సరస్సులో స్నానం చేయకండి, కాళ్లు కూడా పెట్టకండి. నీటి నత్తల వల్ల జబ్బు పట్టుకుంటుంది.

షిరో - మన వంటింట్లో

ప్రయాణం లేకపోయినా వండుకోవచ్చు. నలుగురికి సరిపోతుంది.

కావలసినవి: శనగపిండి 1 కప్పు, పెద్ద ఉల్లిపాయలు 2, వెల్లుల్లి రేకలు 6, అల్లం చిన్నముక్క, టొమాటో 1, నూనె 4 టేబుల్ స్పూన్లు, ఉప్పు తగినంత, నీళ్లు 4 కప్పులు.

కారానికి: ఎండుమిర్చి 6, ధనియాలు 1 టీ స్పూను, మెంతులు పావు టీ స్పూను, యాలకులు 2, లవంగాలు 2, మిరియాలు 6, కాస్త శొంఠి. ఇవన్నీ దోరగా వేయించి పొడి చేయండి. అక్కడ దీన్ని "బెర్బెరే" అంటారు.

చేసే విధానం: శనగపిండిని పచ్చివాసన పోయేలా సన్నసెగ మీద వేయించి చల్లార్చండి. ఉల్లిపాయలు సన్నగా తరిగి, నూనె లేకుండానే మందపాటి గిన్నెలో వేయించండి. అడుగంటుతుంటే చెంచాడు నీళ్లు చిలకరించండి. ఉల్లి మెత్తబడి రంగు మారాకే నూనె పొయ్యాలి. ఆ వంట రుచంతా ఇక్కడే ఉంది. తరువాత అల్లం వెల్లుల్లి ముద్ద, రెండు టీ స్పూన్ల కారప్పొడి, టొమాటో వేసి నూనె తేలేదాకా వేపండి. శనగపిండిని చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి పోసి, ఉప్పు వేసి, సన్నసెగ మీద కలుపుతూ ఇరవై నిమిషాలు ఉడికించండి. చిక్కబడి బుడగలు వస్తుంటే దింపండి. రాగిదోసెలోకి చాలా బాగుంటుంది.

ఒక కాగితం మీద రాసుకోండి

రెండు నెలల ముందు: రక్తపరీక్ష, డాక్టరు సలహా, టీకా సంగతి.
నెల ముందు: టీకా, తరువాత టికెట్టు, వీసా.
వారం ముందు: రాయబార కార్యాలయం సూచనలు, డాలర్లు, అడాప్టరు, కుక్కరు గాస్కెట్లు.
హ్యాండ్‌బ్యాగులో: టీకా పత్రం, వీసా ప్రతి, మందులు, డాక్టరు చీటీ, స్వెట్టరు.

ఈ కాగితంలో మొదటి వరుస మీ కోసం. ఆయన కోసమూ కాదు, పిల్లల కోసమూ కాదు. అందరి పెట్టెలూ సర్దాక కాకుండా, అందరికన్నా ముందు దాన్ని పూర్తి చేయండి. ఆపైన ఆ కొండల మీద మూడు కప్పుల కాఫీ నింపాదిగా తాగి రండి.

వచ్చే వారం మరో ఊరితో కలుద్దాం.